తూకం కుదిరితే కాగితమూ ఎగురుతుంది

ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు తూగుతుంది. మా ప్రెస్సులో కుర్రాణ్ని నిద్రలో లేపి అడిగినా ఈ మాట చెబుతాడు. ఏ4 షీట్లు పదహారు పక్కపక్కన పరిస్తే చదరపు మీటరు అవుతుంది. 80 జీఎస్‌ఎం కాగితమంటే ఆ చదరపు మీటరు 80 గ్రాములని లెక్క. పదహారుతో భాగిస్తే ఐదు. తెనాలిలో శుభలేఖల ప్రెస్సు నడుపుకునే నాకు పొద్దున్నుంచి ఈ లెక్కలే. పెళ్లివారు కార్డును వేళ్ల మధ్య పట్టుకుని వంచి చూసి, "ఇంకాస్త దళసరిది లేదా అండీ?" అంటారు. నేను 300 జీఎస్‌ఎం తీసి ముందు పెడతాను. సాయంత్రం షట్టరు దించాక నా బేరం తిరగబడుతుంది. ఇంతకంటే పల్చనిది లేదా అని నేనే అరలన్నీ వెతుక్కుంటాను. అప్పుడు నేను కట్టేది విమానం మరి.

అట్ట కత్తిరించి, మడిచి, అతికించి షోకేసులో పెట్టుకునే విమానం బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఆ బొమ్మకే మోటారు, బ్యాటరీ, రేడియో రిసీవరు అమర్చి, రిమోట్ చేతబట్టి మైదానం మీద తిప్పడం నా సరదా. సంగతి విన్నవాళ్లు ముందు మోటారు గురించే అడుగుతారు. ఎంత పవరు? ఎంత దూరం పోతుంది? కెమెరా పెట్టొచ్చా? కాగితం ఎన్ని గ్రాములని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. మోటారూ రేడియో డబ్బిస్తే దొరుకుతాయి. డబ్బుకు దొరకనివి రెండు: తక్కువ బరువు, ఆ బరువు ఉండాల్సిన చోట ఉండటం. బొమ్మ విమానం కావాలంటే ఈ రెండూ మనం చేతులారా సాధించుకోవాలి.

చూడ్డానికి కొన్ని, ఎగరడానికి కొన్ని

కాగితపు నమూనాలు పిల్లకాయల ఆటగా మొదలై పెద్దల విద్యగా ఎదిగాయి. రెండో ప్రపంచయుద్ధంలో లోహం, రబ్బరు, బాల్సా కర్ర సైన్యానికి తరలిపోయాయి. పిల్లలకు మిగిలింది కాగితమే. అమెరికాలో వీటీస్ అనే గోధుమ ఫలహారం అమ్మేవాళ్లు 1944లో యుద్ధవిమానాల కాగితపు నమూనాలను పోస్టులో పంపడం మొదలుపెట్టారు. వాటిని గీసినవాడు వాలిస్ రిగ్బీ అనే బ్రిటిష్ కళాకారుడు. ముక్కులో ఒక పెన్నీ నాణెం దూర్చి విసిరితే అవి నిజంగా ఎగిరేవి. ఆ నాణెం ఎందుకో కాసేపట్లో చెబుతాను.

పోలండ్‌లో 1957లో 'మావీ మొదెలాష్' అనే పత్రిక మొదలైంది. పేరుకు పత్రికే గానీ పేజీల నిండా విమానమో, ఓడో, ట్యాంకో ముక్కలుముక్కలుగా అచ్చయి ఉంటుంది. కత్తిరించి అతికించుకోవడమే. ప్లాస్టిక్ కిట్లు అరుదైన రోజుల్లో అక్కడి పిల్లలు ఈ పత్రికతోనే విమానాలు నేర్చుకున్నారు. పోలండ్, చెక్ దేశాల్లో ఈ విమానాలకు 1:33 కొలత స్థిరపడింది. అసలు విమానంలో 33 సెంటీమీటర్లు బొమ్మలో ఒక సెంటీమీటరన్నమాట. రివెట్లు, సీట్లు, డ్యాష్‌బోర్డు ముళ్లు కూడా వదలకుండా గీసే పనితనం వాళ్లది.

జపాన్‌లో ఇంకో దారి నడిచింది. 1967లో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక నిర్వహించిన అంతర్జాతీయ కాగితపు విమానాల పోటీలో యాసుఆకి నినోమియా అనే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు బహుమతులు గెలిచాడు. ఆయన రూపొందించిన 'వైట్ వింగ్స్' గ్లైడర్లు తర్వాత దేశదేశాల్లో అమ్ముడుపోయాయి. వాటి ఒడలు గుండ్రంగా ఉండదు. కాగితం పొరలు నాలుగైదు అతికించిన బద్ద, అంతే. రెక్కకు కొద్దిపాటి వంపు. సీట్లు లేవు, రివెట్లు లేవు. ఎగరడానికి అక్కర్లేనిది ఒక్కటీ ఉంచలేదాయన.

పోలిష్ బొమ్మకు జపాన్ గ్లైడరు క్రమశిక్షణ నేర్పాలి. కాగితపు బొమ్మను ఎగిరే విమానంగా మార్చే పనంతా ఇదే.

రేడియో చిక్కిపోయిన కథ

అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే కవల అన్నదమ్ములు 1937లో 'గఫ్' అనే నమూనా విమానాన్ని రేడియోతో నడిపారు. రేడియో అదుపులో ఎగిరిన తొలి నమూనాల్లో అదొకటి. ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లో రేడియో అంటే గాజు వాల్వులు, వాటిని వేడెక్కించడానికి బరువైన బ్యాటరీలు. దాన్ని మోసే విమానం మనిషి ఎత్తును మించి ఉండాల్సిందే. కాగితానికి అందులో చోటు లేదు.

కాగితానికి మేలు చేసింది సెల్‌ఫోను. పేజర్లలో, ఫోన్లలో గుర్‌మని వణికించడానికి పెట్టిన వేలెడంత లేని మోటార్లతో ఔత్సాహికులు గదిలో తిరిగే విమానాలు కట్టారు. ఫోన్ల కోసం పెరిగిన లిథియం పాలిమర్ బ్యాటరీ పాత నికెల్ బ్యాటరీలను వెనక్కి నెట్టింది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలతో ఏరియల్ కూడా జానెడు లేని తీగముక్క అయిపోయింది. 2013 చివర్లో ఇజ్రాయెల్‌కు చెందిన షై గోయిటైన్ తన 'పవర్‌అప్ 3.0'ను కిక్‌స్టార్టర్‌లో పెడితే 12 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. మడిచిన కాగితపు రాకెట్టుకు తగిలిస్తే చాలు, స్మార్ట్‌ఫోనుతో నడపొచ్చు. కాగితం రేడియోను మోయగలదని లోకానికి తెలిసింది అప్పుడే.

ఈ రోజు రెండు గ్రాముల రిసీవరు, తోక భాగాలను కదిపే నాలుగు గ్రాముల సెర్వో, పది గ్రాముల బ్రష్‌లెస్ మోటారు మామూలు సరుకు. విజయవాడలో పాలిటెక్నిక్ చదివే మా మేనల్లుడు వాటిని తెప్పించి సోల్డరింగ్ చేస్తాడు. కాగితం నాది, కరెంటు వాడిది. మా ఇద్దరికీ ఒకటే తగువు.

"మామయ్యా, కొంచెం పెద్ద బ్యాటరీ పెడదాం, ఇంకో నాలుగు నిమిషాలు ఎక్కువ ఎగురుతుంది."

"పెట్టరా. ముందు ఆ గ్రాములు ఎక్కడ తీసేస్తావో చెప్పు."

ఏ బొమ్మ తీసుకోవాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు స్పిట్‌ఫైర్ మీదో, జెట్ ఫైటర్ మీదో మనసు పడతారు. వద్దు. స్పిట్‌ఫైర్ రెక్క చివరికి వచ్చేకొద్దీ సన్నబడి వంపు తిరుగుతుంది. నెమ్మదించినప్పుడు ఆ కొస ముందుగా గాలి పట్టు వదిలేసి విమానం పక్కకు ఒరిగి పడుతుంది. జెట్టుకు రెక్క చిన్నది, వేగం ఎక్కువ కావాలి. మొదటి విమానానికి రెక్క ఒడలు పైన ఉండాలి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెడల్పు దాదాపు ఒకేలా ఉండాలి, ఒడలు పెట్టెలా నలుపలకలుగా ఉండాలి.

ఈ లక్షణాలన్నీ ఉన్నది పైపర్ జె-3 కబ్. 1930ల చివర్నుంచి 1947 దాకా అమెరికాలోని లాక్ హేవెన్‌లో సుమారు 20 వేలు తయారయ్యాయి. పసుపుపచ్చ రంగు, పక్కన నల్లటి మెరుపు గీత. దాని పసుపును ఇప్పటికీ లాక్ హేవెన్ పసుపనే పిలుస్తారు. మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన పుష్పక్ 1958లో మొదటిసారి ఎగిరింది. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీద విమానం నేర్చుకున్నారు. అదీ రెక్క పైనున్న విమానమే. నేర్చుకునేవాడికి ఇచ్చే విమానాన్ని ఇంజనీర్లు ఇలా కట్టడానికి కారణాలున్నాయి. అవే కారణాలు కాగితానికీ వర్తిస్తాయి.

తొంభై గ్రాముల బడ్జెట్టు

అసలు కబ్ రెక్కల నిడివి 10.74 మీటర్లు, రెక్క వైశాల్యం 16.58 చదరపు మీటర్లు. 1:33 బొమ్మలో అవి 32.5 సెంటీమీటర్లు, ఒకటిన్నర చదరపు డెసిమీటర్లు అవుతాయి. పది సెంటీమీటర్ల చదరపు ముక్కను ఒక చదరపు డెసిమీటరుగా లెక్కేసుకోండి. నిదానంగా ఎగరాలంటే ఒక్కో చదరపు డెసిమీటరు మీద 15 గ్రాములకు మించి పడకూడదు. ఆ లెక్కన 1:33 బొమ్మ మొత్తం 23 గ్రాములు దాటకూడదు. 200 జీఎస్‌ఎం అట్టతో కడితే అందులో సగం కాగితానికే పోతుంది. చేయి తిరిగినవాళ్లకు తప్ప అది సాధ్యపడదు.

అందుకే బొమ్మను రెట్టింపు చేసి ప్రింటు తీయాలి. 200 శాతానికి పెంచితే రెక్కలు 65 సెంటీమీటర్లు, వైశాల్యం నాలుగింతలై ఆరు చదరపు డెసిమీటర్లకు చేరుతుంది. ఇప్పుడు మన బడ్జెట్టు 90 గ్రాములు. ఇక్కడో చిక్కుంది. పొడవు, వెడల్పులతో పాటు అట్ట మందాన్ని కూడా రెట్టింపు చేస్తే బరువు ఎనిమిదింతలు అవుతుంది. వైశాల్యం పెరిగింది నాలుగింతలే. కనుక బొమ్మ పెరిగినా కాగితం మందం పెరగకూడదు. వీలైతే తగ్గాలి.

మా కబ్ లెక్క ఇలా ఉంటుంది. కాగితం 30 గ్రాములు. లోపలి అడ్డు పలకలు, రెక్కలో కార్బన్ గొట్టం, చక్రాలు 14. జిగురు, టేపు 4. మోటారు, ప్రొపెల్లరు 12. మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ 5. రెండు సెర్వోలు 8. రిసీవరు 2. రెండు సెల్లుల చిన్న లిథియం బ్యాటరీ 17. కూడితే 92. పది నిమిషాల లోపు ఎగరడానికి ఇది చాలు.

ఈ బరువుతో గాల్లో నిలబడాలంటే గంటకు 18 కిలోమీటర్ల వేగం చాలు. మనిషి పక్కన పరుగెత్తి చూడగలిగిన వేగం. అదే విమానం 180 గ్రాములైతే కనీస వేగం 25 కిలోమీటర్లకు పెరుగుతుంది. పెద్ద తేడా కాదనిపిస్తుంది గానీ, నేలను తగిలేటప్పుడు తెలుస్తుంది. బరువు రెట్టింపు, వేగం వర్గం రెట్టింపు, కాబట్టి దెబ్బలో ఉండే శక్తి నాలుగింతలు. పల్చని కాగితం బలహీనమని జంకేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయమిది. తేలికగా ఉన్నది మెల్లగా దిగుతుంది, మెల్లగా దిగినది నలగకుండా మిగులుతుంది.

నగల దుకాణాల్లో వాడేలాంటి, గ్రాములో పదోవంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఈ పనికి తప్పనిసరి. ఒక్కో ముక్క అతికించే ముందు తూచి, నోటుబుక్కులో రాసుకుంటూ పోవాలి. బొమ్మల పుస్తకంలో పైలట్ సీటు ఉంటుంది, ఇంజను సిలిండర్లు ఉంటాయి. అవి తీసేయండి. అతికించే చెవులు, అంటే అంచున వదిలే మడత ముక్కలు, తీసేసి లోపల సన్నని పల్చని పట్టీతో కలపండి. సీటు ఒక గ్రాము, సిలిండర్లు రెండు, చెవులు మూడు. ఏదీ పెద్ద బరువు కాదు. అన్నీ కలిస్తే ఒకటిన్నర సెర్వోల బరువు పోయినట్టే.

కాగితానికి దిక్కుంది

మోటార్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది. కాగితం గురించి చెప్పడానికి ప్రెస్సువాడు కావాలి.

కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జులోని నారలు మిషను నడిచే దిక్కుకే వాలి ఆరుతాయి. మేం దాన్ని గ్రెయిన్ అంటాం. గ్రెయిన్ వెంట మడిస్తే శుభలేఖ మడత నున్నగా కూర్చుంటుంది. అడ్డంగా మడిస్తే అంచు పగిలి తెల్లగా లేస్తుంది. చింపి చూసినా తెలుస్తుంది. గ్రెయిన్ వెంట కాగితం తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా వంకరపోతుంది. ఇంకో సంగతేమిటంటే, గ్రెయిన్ ఎటుంటే అటు కాగితం బిర్రుగా ఉంటుంది.

విమానం రెక్కకు ఇది వరం. రెక్కకు మడత ముందంచున పొడవునా వస్తుంది. రెక్క బిర్రుగా ఉండాల్సిందీ పొడవునే. గ్రెయిన్‌ను రెక్క పొడవుకు పెడితే రెండు పనులూ ఒకేసారి నెరవేరతాయి. ఒడలుకు ముక్కు నుంచి తోక వైపు గ్రెయిన్ పెట్టాలి. ఏ4 మీద సగం రెక్క కూడా పట్టదు కనుక ఏ3 ప్రింటు తీయిస్తారు. అప్పుడు గ్రెయిన్ ఎటు ఉందో చూసే తీయించండి. నేనైతే 18, 23 అంగుళాల డెమ్మీ షీటును కావలసినట్టు కోసుకుంటాను.

ఎంత మందం? ఒడలుకు 120 జీఎస్‌ఎం, రెక్క కింది వైపు 80 లేదా 90 సరిపోతాయి. మెరిసే ఆర్ట్ పేపరు వద్దు. దాని మెరుపంతా పైన పూసిన సుద్దలాంటి పూత. బరువు పెంచుతుందే గానీ బిర్రుతనం ఇవ్వదు, జిగురునూ సరిగా పట్టదు. మాప్‌లిథో లాంటి పూతలేని కాగితం అదే బరువుకు కాస్త ఉబ్బుగా ఉంటుంది. బిర్రుతనం మందం ఘనంతో పెరుగుతుంది. మందం కొద్దిగా పెరిగినా వంగకుండా నిలబడే గుణం చాలా పెరుగుతుందన్నమాట.

లోపలి అడ్డు పలకలకు అట్ట బదులు మూడు మిల్లీమీటర్ల డెప్రాన్ షీటు వాడతాను. అది గట్టి థర్మోకోల్ జాతి. చదరపు మీటరు 100 నుంచి 120 గ్రాములే. అంటే ఇంచుమించు ఒడలు కాగితమంత బరువు, కానీ మందం మూడు మిల్లీమీటర్లు. దానికి ఫెవీక్విక్ లాంటి జిగురు తగిలితే కరిగి గుంటపడుతుంది. కలప జిగురు, అంటే తెల్ల ఫెవికాల్, డెప్రాన్‌ను ఏమీ చేయదు గానీ అందులోని నీళ్లు కాగితాన్ని ఉబ్బిస్తాయి. పుల్లతో పలచగా రాసి, ఆరేదాకా బరువు కింద ఉంచాలి. గ్లూ గన్ మోటారు పలక దగ్గర తప్ప ఇంకెక్కడా ముట్టుకోవద్దు. అది గ్రాములకు గ్రాములు పోసేస్తుంది.

మాది కాలవల ఊరు, గాల్లో తేమ ఎక్కువ. తేమ తాకితే కాగితం గ్రెయిన్‌కు అడ్డంగా సాగుతుంది, రెక్క మెలికపడుతుంది. మెలికపడిన రెక్కతో విమానం తిన్నగా పోదు. లామినేషన్ చేయిస్తే పోలా అంటారు. 12 మైక్రాన్ల ఫిల్ము చదరపు మీటరుకు 11 గ్రాములు, దాని జిగురు అదనం. పైగా ఒకవైపే చేస్తే ఫిల్ము సాగదు, కాగితం సాగుతుంది, షీటు చుట్టుకుపోతుంది. ప్రెస్సులో మేం రోజూ పడే తిప్పలే ఇవి. అందుకని ముక్కలు కత్తిరించక ముందే రెండు వైపులా పారదర్శక అక్రిలిక్ స్ప్రేను మంచుపొరలా కొట్టి ఆరబెడితే చాలు. ఇంక్‌జెట్ రంగు తడికి కారిపోకుండానూ ఉంటుంది.

రెక్క, తోక

బొమ్మ రెక్కను అసలు విమానం రెక్కలా ఉబ్బుగా గీస్తారు. మనకు ఆ ఉబ్బు పనికిరాదు. కారణం రేనాల్డ్స్ సంఖ్య. రెక్క వెడల్పును, వేగాన్ని గాలి జిగటతో పోల్చి చెప్పే అంకె అది. అసలు కబ్‌కు ఈ సంఖ్య 25 లక్షల పైన ఉంటుంది. మన కాగితపు కబ్‌కు 40 వేలు కూడా ఉండదు. అంత చిన్న రెక్కకు గాలి చిక్కటి పానకంలా తగులుతుంది. ఉబ్బెత్తు రెక్క మీద నుంచి అది త్వరగా విడిపోతుంది. పల్చగా, కొద్దిగా వంపు తిరిగిన పలకే ఇక్కడ బాగా పనిచేస్తుంది. నినోమియా గ్లైడర్ల రెక్కలు అలా ఉండటానికి కారణమూ అదే. మన కబ్ రెక్కకు కింద చదునుగా, పైన వంపుతో, వెడల్పులో పన్నెండో వంతు ఎత్తు చాలు.

సెర్వోలు రెండే కనుక ఒకటి చుక్కానికి, ఒకటి తోక అడ్డురెక్కకు. పక్కకు వంచే ఐలరాన్లు లేవు. చుక్కానితోనే మలుపు తిరగాలంటే రెక్కల కొసలు పైకి లేచి ఉండాలి. సగం రెక్క 32 సెంటీమీటర్లు కదా, కొసను రెండున్నర సెంటీమీటర్లు ఎత్తితే దాదాపు నాలుగున్నర డిగ్రీల కోణం వస్తుంది. అసలు కబ్‌కు ఇంత ఉండదు. చూసేవాడి కన్ను గమనించదు, నడిపేవాడి వేలికి మాత్రం తెలుస్తుంది. తోక అడ్డురెక్కను కూడా అసలు కొలత కంటే 15 శాతం పెద్దది చేస్తే విమానం ముక్కు ఊగకుండా నిలకడగా పోతుంది.

బొమ్మలో తోక కదిలే భాగాలు గీతలే. ఆ గీత వెంట కోసి, పారదర్శక టేపుతో మడతబందు వేయాలి. అక్కడి నుంచి ఒడలు మధ్యలో ఉన్న సెర్వో దాకా ఒక మిల్లీమీటరు లోపు కార్బన్ పుల్ల. సెర్వోను తోక దగ్గర పెడితే పుల్ల అక్కర్లేదు కదా అని మేనల్లుడి వాదన. దానికి జవాబు తర్వాతి భాగంలో ఉంది.

నాణెం ఎందుకు పెట్టారు

1871 ఆగస్టులో పారిస్ తోటలో ఆల్ఫాన్స్ పెనో అనే యువకుడు రబ్బరు మెలికతో నడిచే 16 గ్రాముల నమూనాను ఎగరేశాడు. పదకొండు సెకన్లు అది తనంత తాను నిలకడగా పోయింది. దాన్ని పట్టుకున్నవాడు లేడు, తిప్పినవాడు లేడు. రెక్క కొసలు పైకి వంచి, వెనక చిన్న తోకను రెక్క కంటే కొద్దిగా కిందికి వాలిన కోణంలో పెట్టాడాయన. బరువు ముందుకు ఉండటం ముక్కును దించుతుంది, వేగం పెరిగితే తోక ఆ ముక్కును ఎత్తుతుంది. రెండూ సరిపడిన చోట విమానం నిలకడగా పోతుంది. ఇప్పటి మన విమానాల నిలకడకు మూలం ఇదే. ఈ పెనో నమూనా ఆధారంగా చేసిన కాగితం, వెదురు, బెండు హెలికాప్టరు బొమ్మనే 1878లో తండ్రి తెచ్చిస్తే రైట్ సోదరులు పిల్లలుగా ఆడుకున్నారు.

వీటీస్ విమానం ముక్కులో నాణెం పెట్టమన్నదీ ఇందుకే. బరువు కేంద్రం రెక్క వెడల్పులో ముందు నుంచి మూడో వంతు లోపల పడాలి. మన కబ్ రెక్క వెడల్పు దాదాపు 10 సెంటీమీటర్లు. ముందంచు నుంచి రెండున్నర, మూడు సెంటీమీటర్ల మధ్య రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం అడ్డంగా నిలవాలి. షోకేసు బొమ్మలు ఇలా పెడితే తోక మీద కూర్చుంటాయి. పొడవైన తోక వైపు ఒక గ్రాము ఎక్కువైతే, పొట్టి ముక్కు వైపు దానికి రెండు మూడు గ్రాములు వేయాల్సి వస్తుంది. మేనల్లుడి సెర్వోలు తోకకెళ్లకుండా ఆగింది అందుకే. బ్యాటరీని మోటారు వెనకే, ముందుకూ వెనక్కూ జరపగలిగేలా పెట్టుకుంటే నాణేల అవసరం రాదు. సీసం ముక్క వేయాల్సి వచ్చిందంటే ఎక్కడో తోకలో అనవసరమైన బరువుందని అర్థం.

మోటారును కూడా తిన్నగా బిగించరు. రెండు మూడు డిగ్రీలు కిందికి, అంతే కుడికి తిప్పి బిగిస్తారు. ప్రొపెల్లరు తిరుగుడు విమానాన్ని ఎడమకు లాగుతుంది. పవరు పెంచితే రెక్క ముక్కును పైకి లేపుతుంది. ఆ రెండింటికీ ఇది విరుగుడు.

మైదానంలో

మొదటిసారి మోటారు ఆపేసి, గడ్డి మీద గ్లైడు పరీక్ష చేయాలి. గాలి లేని తెల్లవారుజామున, భుజం ఎత్తున పట్టుకుని, ముక్కు రవ్వంత దించి, చేతిలోంచి జారవిడిచినట్టు ముందుకు వదలాలి. ముక్కెత్తి, ఆగి, చతికిలబడిందంటే బ్యాటరీ ముందుకు జరపండి. తల కిందికి దూసుకుపోయిందంటే వెనక్కి. ఒక్కసారికి అర సెంటీమీటరు చాలు. పక్కకు తిరిగిందంటే రెక్క మెలికేమో చూడండి. అది తీరాకే సెర్వో, ఆ తర్వాతే మోటారు. ఈ వరుస తప్పించకూడదు.

మన విమానం వేగం సెకనుకు ఐదారు మీటర్లే. అందులో సగం వేగంతో గాలి వీచినా వెనక్కి రావడం కష్టం. కోస్తాలో తొమ్మిదయ్యేసరికి గాలి లేస్తుంది, అంతలోపే ఇంటికి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాలున్న చోటికి వెళ్లొద్దు, మాంజా చుట్టుకుంటే మోటారు కాలిపోతుందో, రెక్క తెగుతుందో చెప్పలేం.

లిథియం బ్యాటరీతో ఆటలొద్దు. సెల్లు 4.2 వోల్టులు దాటి చార్జి కాకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. చార్జి అవుతుండగా వదిలేసి వెళ్లకూడదు. కాగితాల గుట్టల మధ్య బతికే నాకు ఈ నియమం మరీ ముఖ్యం. మా చార్జరు ప్రెస్సులో ఉండదు, పెరట్లో సిమెంటు గట్టు మీద ఉంటుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి. వాటిని నడపడానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటు పటంలో ఎర్రగా చూపించే ప్రాంతాల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. విమానాశ్రయం దగ్గర్లో ఉన్నవాళ్లు ముందు ఆ పటం చూసుకోవాలి. కంటికి కనిపించేంత దూరంలోనే, జనం మీద కాకుండా, కరెంటు తీగలకు ఎడంగా నడపడం ఎప్పుడూ పాటించాల్సిన మర్యాద. 92 గ్రాముల కబ్ ఆ 250 గ్రాముల పరిమితిలో సగానికి కూడా రాదు. తేలికగా కట్టినందుకు చట్టం దగ్గర కూడా మనకు సుఖమే.

బాల్సా కర్ర విమానాలు ఇంతకంటే గట్టివి, ఫోము విమానాలు ఇంతకంటే మొండివి. నేను కాదనను. కానీ రెక్క విరిగితే కాగితానికి అయ్యే ఖర్చు ఇంకో ప్రింటు, ఒక సాయంత్రం. ఇంత తక్కువ ఖర్చుతో బరువు, వైశాల్యం, తూకం, నిలకడ అన్నీ చేతికి తెలిసేలా నేర్పే పాఠం నాకు ఇంకోటి కనబడలేదు. స్కూళ్లలో సైన్సు మాస్టార్లు, ఎన్‌సీసీ ఎయిర్ వింగులో ఉన్న పిల్లలు, ఇంట్లో ఊరికే ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ఒక్కటే మనవి. ఆన్‌లైన్‌లో మోటారు ఆర్డరు పెట్టకముందు చిన్న కాటా ఒకటి కొనండి. ఆ తర్వాత మీ ఊరి ప్రెస్సుకు వెళ్లి 80, 100, 120 జీఎస్‌ఎం కాగితాలు తలా ఒకటి అడిగి తెచ్చుకుని, చింపి, మడిచి, తూచి చూడండి. మోటారు చివర కొనాల్సిన వస్తువు.